రెండు పుస్తకాలు, 128 రూపాయలు: ఒక ఊరి లైబ్రరీలో జరిమానా ఎత్తేసిన వైనం

నేపథ్యం

ఇది కోస్తాలో కాలవ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి లైబ్రరీ సంగతి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఎవరినైనా గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. మేం ఎక్కడ పొరపడ్డామో మాత్రం దాచలేదు. ఈ కేసులో పనికొచ్చేదల్లా అదే.

నేను జిల్లా గ్రంథాలయ సంస్థ కింద శాఖా గ్రంథాలయాల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు చేరి ఊపిరి పీల్చుకుంటూ ఉండగా ఊరి లైబ్రరీ కమిటీ వాళ్లు వచ్చి, "మేడం, ఖాళీగానే ఉన్నారుగా, మన లైబ్రరీ కాస్త చూసిపెట్టండి" అన్నారు. జీతం లేదు. ఆటో చార్జీలిస్తామన్నారు. సరేనన్నాను.

ఇది ప్రభుత్వ లైబ్రరీ కాదు. గ్రంథాలయోద్యమం రోజుల్లో ఊరివాళ్లు చందాలేసుకుని పెట్టుకున్నది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగాక ఆ ఊపులో ఇలాంటివి చాలా ఊళ్లలో పుట్టాయి. తర్వాత్తర్వాత కొన్ని ప్రభుత్వంలో కలిశాయి, కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఇలా కమిటీల చేతుల్లో మిగిలాయి. ఈ తేడా ఇక్కడ ముఖ్యం. శాఖా గ్రంథాలయానికి 1960 నాటి రాష్ట్ర గ్రంథాలయాల చట్టం ఉంది, ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వచ్చే సెస్సు ఉంది, నియమాలు పైనుంచి వస్తాయి. శాఖలో కూర్చున్న మనిషి తన ఇష్టానికి జరిమానా మాఫీ చేస్తే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా పిల్లల జరిమానా నా పర్సులోంచి తీసి రసీదు రాసిన రోజులున్నాయి. అదేదో నా మంచితనం అనుకున్నానే గానీ, నియమంలోనే తిరకాసు ఉందేమోనని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కమిటీ లైబ్రరీలో నియమావళి అంటే బీరువా తలుపుకు లోపలివైపు అంటించిన ఒక కాగితం. ఏడుగురు కూర్చుని ఒప్పుకుంటే మార్చొచ్చు.

నేను చేరేనాటికి ఆ కాగితంలో ఉన్నది ఇదీ: పెద్దవాళ్లకు ధరావతు (డిపాజిట్) 100 రూపాయలు, పిల్లలకు 50. ఒకసారికి రెండు పుస్తకాలు. గడువు 15 రోజులు. దాటితే పుస్తకానికి రోజుకు 50 పైసలు. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. కంప్యూటర్ లేదు. పుస్తకంలోని కార్డు తీసి, పాఠకుడి టికెట్‌లో దోపి, గడువు తేదీ వరసలో చెక్క ట్రేలో నిలబెట్టే పాత పద్ధతే. ఈ ట్రేని చూసి మా అమ్మాయి నవ్వింది గానీ, చివరికి దారి చూపించింది అదే.

సమస్య

మొదటి మీటింగ్‌లోనే కార్యదర్శి గారు తేల్చేశారు: "బయటికెళ్లిన పుస్తకం తిరిగి రావట్లేదు మేడం. అర్ధరూపాయికి ఈ రోజుల్లో ఎవరు భయపడతారు? పెంచాలి."

నాకూ నిజమే అనిపించింది. అర్ధరూపాయి బిళ్ల కిరాణా కొట్టువాడే తీసుకోడు. ట్రేలో గడువు దాటిన కార్డుల వరస గడువులో ఉన్న వాటికంటే బారుగా ఉంది. ఉద్యోగంలో నేర్చుకున్నదీ అదే: గడువు, దాని వెనక జరిమానా, ఈ రెండూ ఉంటేనే పుస్తకం తిరుగుతుంది. కాబట్టి రూపాయి చేద్దామని నేనే రాసిచ్చాను. ఎందుకు రావట్లేదని ఒక్క పాఠకుణ్ణి కూడా అడగకుండా రాసిచ్చాను. ఇదీ నా మొదటి పొరపాటు.

చేసి చూసినవి

రూపాయి చేశాక నాలుగు నెలలు గమనించాను. రసీదు పుస్తకం కాస్త వేగంగా కదిలింది. ట్రేలో వరస మాత్రం తగ్గలేదు. కట్టేవాళ్లు ఎప్పుడూ కట్టేవాళ్లే. మిగతావాళ్లు కనిపించడమే మానేశారు. అప్పుడైనా ఆగాల్సింది. ఆగకుండా, అసలు వాళ్లకు గుర్తు చేసేవాళ్లే లేరనుకుని పోస్టుకార్డులు రాశాను. కార్డు 50 పైసలు. పాత జరిమానా రేటంత ఖర్చు పెట్టి కొత్త జరిమానా గుర్తు చేయడమన్నమాట. "తమరు తీసుకొన్న గ్రంథములు గడువు మీరినవి. వెంటనే జరిమానాతో సహా వాపసు చేయనిచో తగు చర్య తీసుకొనబడును" అని పాత అలవాటు కొద్దీ ఆఫీసు భాష. పోస్టుకార్డంటే ఇంటివాళ్లకంటే ముందు వీధి చదువుతుంది. ఒక నాన్న కార్డు పట్టుకుని నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చాడు. పుస్తకం బల్ల మీద పెట్టి, జరిమానా లెక్కపెట్టి ఇచ్చి, "మావాడి టికెట్ తీసేయండి. దొంగతనం చేసినట్టు రాశారు" అని వెళ్లిపోయాడు. లెక్క ప్రకారం చూస్తే ఆ కార్డు పనిచేసినట్టే. పుస్తకం వచ్చింది, డబ్బూ వచ్చింది. పోయింది పాఠకుడు. దానికి మా రిజిస్టర్లో గడి లేదు.

ఇదే సమయంలో కార్యదర్శి గారు వరండా బోర్డు మీద బాకీదారుల పేర్లు రాయించారు. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు.

జులై మొదట్లో ఒక ఉదయం తాళం తీయడానికి వెళ్తే, గ్రిల్ గేటు లోపల యూరియా సంచి ముక్కలో చుట్టిన రెండు పుస్తకాలున్నాయి. జానపద కథలు. వాన పడినా తడవకుండా, విప్పడానికి రెండు నిమిషాలు పట్టేంత జాగ్రత్తగా కట్టారు. ట్రేలో కార్డులు తీసి చూస్తే ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి టికెట్. ఏప్రిల్ నెలాఖరు గడువు. 64 రోజులు దాటింది. రెండు పుస్తకాలకు 128 రూపాయలు. అట్టల మీద ధర చూశాను. రెండూ కలిపి 90.

ఆ అమ్మాయి నాకు గుర్తే. కౌంటర్ మీద మోచేతులానించి, ఇచ్చిన పుస్తకం అక్కడే మొదలుపెట్టేసేది. వేసవి తర్వాత రావడం మానేసింది. బడి మొదలైంది, హోంవర్క్‌లు అనుకుని ఊరుకున్నాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ రొయ్యల ప్లాంటులో పనికి వెళ్తుంది. పొద్దున ఆరింటికి వ్యాన్ వచ్చి ఎక్కించుకుంటే తిరిగి దింపేసరికి రాత్రి. మేం తలుపులు తీసి ఉంచే గంటల్లో ఆ ఇంట్లో పెద్దదిక్కు మామ్మ ఒక్కతే. ఆవిడ చెప్పింది:

"దానికి చదువు పిచ్చమ్మగారూ. వేసంగికి వాళ్ల పిన్ని ఊరు పంపితే బట్టల సంచిలో మీ పుస్తకాలు కూడా ఏసుకుపోయింది. వచ్చేసరికి మీ కార్డొచ్చి ఉంది. రోజుకు రూపాయంట కదా. ఏళ్లు మడిచి లెక్కేసుకుని ఏడ్సింది. అమ్మకు చెప్పద్దంది. నేనే తెల్లారగట్ల తెచ్చి పడేశాను."

"మామ్మగారూ, డబ్బుల సంగతి తర్వాత చూద్దాం. పిల్లని పంపండి."

"పంపుతాగానీ, బోర్డు మీద దాని పేరుందంటగా."

ఆ కార్డు రాసింది నా చేతి రాతే. ఇంటికి నడిచొస్తుంటే వేరే ఏదీ తోచలేదు.

ఇక్కడ తీసుకున్న నిర్ణయం గురించి కొంచెం చెప్పాలి. ఎప్పటిలా నా పర్సులోంచి 128 తీసి కట్టేయొచ్చు. కట్టలేదు. కడితే ఈ పిల్ల ఒడ్డున పడుతుంది, ఇంకో పిల్ల సంగతి నాకు తెలియను కూడా తెలియదు. అదీగాక లైబ్రరీకి తీరిన బాకీ నా పేరున మారుతుంది, నన్ను చూసినప్పుడల్లా తల దించుకుంటుంది. బోర్డు మీది పేర్లు ఆ రాత్రే తడిగుడ్డతో తుడిచేశాను. జరిమానాను మాత్రం రిజిస్టర్లో "పెండింగ్" అని రాసి, నియమం సంగతి తేల్చాకే దీన్ని కొట్టేయాలనుకున్నాను. తేల్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆ అమ్మాయి రాలేదు. ఎనిమిదో తరగతి పిల్లకు ఎనిమిది నెలలంటే తక్కువ కాదు. ఆ నిర్ణయం విషయంలో నాకు ఇప్పటికీ మనసు కుదుటపడలేదు.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం ఎవరు ఏ పుస్తకం తెచ్చినా జరిమానా లేదని మైకులో చెప్పించాను. కమిటీని ఒప్పించడం తేలిక అయింది, ఒక్క వారమేగా అన్నారు. పుస్తకాలు గుట్టలుగా వచ్చాయి. అటక మీదవి, పెట్టెల్లోవి, పెళ్లికూతురితో కట్నంలా అత్తారింటికి వెళ్లినవి, చెదలు సగం చదివినవి. నేను గెలిచాననుకున్నాను. డిసెంబరులో ఒక పెద్దాయన్ను పుస్తకం అడిగితే, "మళ్లీ నవంబరు వస్తుందిగా, అప్పుడిస్తాలెండి" అన్నాడు. హాస్యానికే అన్నాడనుకోండి. కానీ మాఫీ వారం వల్ల జనం నేర్చుకునేది అదే. పైగా ఆ వారం పుస్తకం ఇచ్చి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కొత్త పుస్తకం తీసుకోలేదు. తలుపు ఏడు రోజులు తీసి మళ్లీ వేస్తారని తెలిసిన ఇంట్లోకి ఎవరు కాపురానికి వస్తారు?

ట్రే చెప్పింది

సంక్రాంతి సెలవుల్లో ట్రేని ఇంటికి తెచ్చుకున్నాను. గడువు దాటిన కార్డులన్నీ తీసి, తేదీ వరస పక్కనపెట్టి, మనుషుల వరసలో చాప మీద కుప్పలు పోశాను. ఊరు చిన్నది కాబట్టి ఇది వీలైంది. ప్రతి టికెట్టూ ఎవరిదో తెలుసు, తెలియకపోతే మా పనమ్మాయికి తెలుసు.

మొదటి కుప్ప పిల్లలది. రెండోది ఆడవాళ్లది. నవలలు తీసుకునేవాళ్లు. వీళ్లు స్వయంగా వచ్చేది తక్కువ, పిల్లాడిచేతో బజారుకెళ్లే మరిదిచేతో పంపిస్తారు. ఆ మనిషి కుదిరినప్పుడే పుస్తకం కదులుతుంది. ఈ రెండు కుప్పల్లో ఒక పోలిక కనిపించింది. వారం, పది రోజులు ఆలస్యమైన కార్డులు దాదాపు లేవు. ఉన్నవన్నీ నెలలు దాటినవే. అంటే ఆలస్యం మతిమరుపు వల్ల మొదలై, జరిమానా వల్ల ముదిరింది. పది రూపాయలప్పుడు తెద్దామనుకుని తేలేక, ముప్పై అయ్యాక భయపడి, వంద అయ్యాక ఈ వీధి నుంచే నడవడం మానేశారు. పుస్తకాన్ని రప్పించడానికి పెట్టిన నియమం పుస్తకాన్నీ మనిషినీ కలిపి ఇంట్లో కూర్చోబెట్టింది.

మూడో కుప్ప పరీక్షల కుర్రాళ్లది. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్. వీళ్లు జరిమానా పైసాతో సహా కట్టేవాళ్లు. ఎంత చక్కగా కట్టేవాళ్లంటే, వీళ్లు నాకు ఆదర్శ పాఠకుల్లా కనిపించేవాళ్లు. ఒకతన్ని అడిగాను, ఎందుకయ్యా నెలల తరబడి ఉంచుకుంటావని. "బయట కొంటే ఆరొందలు మేడం. మీ దగ్గర నెలకు ముప్పై. రసీదు ఇచ్చేయండి" అన్నాడు. తప్పు చేస్తున్నానన్న ఛాయే లేదు ముఖంలో. ఎందుకుంటుంది? మేం రేటు చెప్పాం, అతను కట్టాడు. అదే పుస్తకం కోసం ఇంకో ముగ్గురు తిరిగి వెళ్లిపోయారని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. టీచరును ఆపుతున్నామన్న మొహమాటం పోయి, డబ్బు కడుతున్నాంగా అన్న ధీమా వచ్చింది. జరిమానా తీసేశాక కూడా ఆ పాత మొహమాటం తిరిగి రాలేదు. ఈ చివరి ముక్క నేను మొదట సరిగ్గా పట్టించుకోలేదు. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

నాలుగో కుప్ప చిన్నదే గానీ బరువైనది. ఊరి పెద్దలు, దాతలు, మా కమిటీ వాళ్ల ఇళ్లలోవాళ్లు. ఏళ్ల తరబడి పుస్తకాలు బయటే ఉన్నాయి. వీళ్ల పేర రసీదు పుస్తకంలో ఒక్క పైసా లేదు. అడిగే ధైర్యం నాకంటే ముందున్నవాళ్లకు లేదు, నాకూ లేకపోయింది.

నిర్ణయం

ఆ కుప్పల ముందు కూర్చున్నప్పుడే మా అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసింది. చెప్తే, "ఇక్కడ మా లైబ్రరీలో ఫైన్ లేదమ్మా, ఎత్తేశారు" అంది. తర్వాత చదివి తెలుసుకున్నాను. అక్కడి లైబ్రరీ అసోసియేషన్ 2019 జనవరిలో, డబ్బు జరిమానాలు సామాజిక అసమానతకు ఒక రూపమని తీర్మానం చేసింది. అదే ఏడాది షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల లైబ్రరీలు ఎత్తేశాయి. 2021 అక్టోబరులో న్యూయార్క్ లైబ్రరీలు కూడా. ఐర్లండ్‌లో దేశమంతటా 2019లోనే తీసేశారు. శాన్ డియెగోలో లెక్క చూసుకుంటే, వసూలైన జరిమానా కంటే వసూలు చేయడానికి సిబ్బంది మీద పెట్టిన ఖర్చే ఎక్కువ తేలిందట.

వాళ్లు చేశారు కాబట్టి మనమూ చేద్దామని నేను అనుకోలేదు. వాళ్లకు కంప్యూటర్ తనంతట తనే గడువు పొడిగిస్తుంది, పుస్తకం పోతే కొనడానికి బడ్జెట్ ఉంటుంది. మాకు చెక్క ట్రే, దాతల దయ. వాళ్ల నుంచి నేను తీసుకున్నది ఒక్క సంగతి. జరిమానా ఎత్తేయడమంటే బాధ్యత ఎత్తేయడం కాదు. ఆలస్యానికి డబ్బు అడగడం వేరు, పోయిన పుస్తకానికి ధర అడగడం వేరు. అక్కడా మొదటిదే తీసేశారు, రెండోది ఉంచారు. మేం ఇన్నాళ్లూ రెంటినీ ఒకే గాటన కట్టేశాం.

మార్చి మీటింగ్‌కి ట్రేనే పట్టుకెళ్లాను. కోశాధికారి గారు ముందు ఆదాయం సంగతి తీశారు. ఏడాది మొత్తం జరిమానా కూడి చూపించాను. మేం వేయించుకునే దినపత్రికల్లో రెండింటి ఏడాది చందాకు చాలదు. ఆయన నవ్వి కాగితం మడిచేశారు. కార్యదర్శి గారి అభ్యంతరం గట్టిది: "భయం లేకపోతే ఎవడూ తేడు మేడం." దానికి నా దగ్గర రుజువు లేదు. ఉన్నదల్లా భయం ఉన్నప్పుడు కూడా తేలేదన్న రుజువే. అదే చెప్పాను. "పుస్తకాలు ఉపయోగానికే" అని గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసిన రంగనాథన్ గారు 1931లో పెట్టిన మొదటి సూత్రం చెబుదామనుకున్నాను గానీ, ఆ గదిలో సూత్రాలకు విలువ లేదని తెలుసు. అప్పుడు రిటైర్డు హెడ్మాస్టారు ఒకాయన కల్పించుకున్నారు. "1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవల్లో పడవేసుకుని పుస్తకాలు మోసుకెళ్లి మరీ చదివించారయ్యా. మనం వచ్చిన పిల్లని గేటు బయట నిలబెడుతున్నాం" అన్నారు. వాదనగా చూస్తే అది బలమైనదేం కాదు. మా ఊళ్లో అదే గెలిచింది.

నాలుగో కుప్ప సంగతి మీటింగ్‌లో పేర్లతో ఎత్తలేదు. కార్డుల కట్టను రబ్బరు బ్యాండు వేసి బల్ల మధ్యలో పెట్టి, "ఇవి కూడా మాఫీలో కలుస్తాయి" అన్నాను. ఓటింగు త్వరగా అయిపోయింది. ఆరు నెలలు చూద్దామన్నారు.

కొత్త కాగితం రాసేటప్పుడు ఒక్కో నియమం ముందూ నన్ను నేను ఒకటే అడిగాను: ఇది పుస్తకాన్ని రప్పిస్తుందా, మనిషిని ఆపుతుందా?

ఆలస్యానికి డబ్బు లేదు, పాత బాకీలన్నీ రద్దు. తీసుకున్నది తెచ్చేదాకా కొత్తది ఇవ్వం. ఎన్నాళ్లు దాటినా, పుస్తకం తెచ్చిన క్షణాన రెండోది పట్టుకెళ్లొచ్చు. తేనివాళ్లు కూడా లోపల కూర్చుని ఏదైనా చదువుకోవచ్చు. గడువు దాటి మూడు నెలలైతే పుస్తకం పోయినట్టే లెక్క. అట్ట మీది ధర కట్టాలి, లేదా అదే పుస్తకం పాతదైనా సరే తెచ్చివ్వాలి. ఆ తర్వాత అసలు పుస్తకం దొరికితే లెక్క కొట్టేస్తాం.

గడువు 15 రోజుల నుంచి నాలుగు వారాలకు పెంచి, తేదీ ఎప్పుడూ సంత రోజున పడేలా పెట్టాను. ఇది నాకు ట్రే ముందు కాదు, కూరగాయలు కొంటుంటే తట్టింది. ఈ ఊళ్లో తేదీ గుర్తుండని మనిషి ఉంటాడుగానీ సంత గుర్తుండని మనిషి ఉండడు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ రోజు బజారులోనే ఉంటాయి. "నాలుగో సంతకి తెచ్చెయ్యమ్మా" అంటే చదువు రాని మామ్మకు కూడా అర్థమవుతుంది. ఆ ఒక్క రోజు మధ్యాహ్నం కూడా తలుపు తీసి ఉంచుతాం. పొడిగించాలంటే మిస్డ్ కాల్ ఇస్తే చాలు, టికెట్ మీద ఫోన్ నంబరు చూసి నేను తేదీ మార్చుకుంటాను. ఎవరైనా ఆ పుస్తకం అడిగి ఉంటే మాత్రం తిరిగి ఫోన్ చేసి చెప్తాను.

పిల్లలకు ధరావతు తీసేశాం. దాని బదులు బడి టీచరు సంతకం అన్నాం. ఒక్క టీచరూ పెట్టలేదు. "పుస్తకం పోతే నేను కట్టాలామ్మా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. "ఈ పిల్ల మా బడిలో చదువుతోంది" అని మాత్రమే ఫారం మార్చాక అందరూ పెట్టారు.

వరండాలో డబ్బా పెట్టించాం. తలుపు మూసి ఉన్నా పుస్తకం వేసి వెళ్లిపోవచ్చు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. యూరియా సంచి నేర్పిన పాఠమది. మా వడ్రంగి చేసిన పెట్టెకు వాన ఎటునుంచి కొడుతుందో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మొదటి జల్లుకే ఐదు పుస్తకాలు నానాయి. తర్వాత రేకు చూరు వేశాం.

ఎత్తేశాక

మొదటి రెండు కుప్పలూ నెమ్మదిగా కరిగాయి. ఒక్క రోజులో కాదు. జరిమానా లేదంటే జనం వెంటనే నమ్మలేదు. డబ్బాలో రాత్రిళ్లు పుస్తకాలు పడేవిగానీ మనుషులు వచ్చేవాళ్లు కాదు. వాళ్లలో ఎవరైనా ముందు వచ్చి, తిట్లు పడకుండా తిరిగి వెళ్లాక, ఆ వీధివాళ్లు ఇంకొకరు వచ్చేవాళ్లు. ట్రేలో గడువు దాటిన వరస ఆరు నెలలకు నా జానెడు పొడవు కంటే తక్కువకు దిగింది. పోయినవి పోయాయి. ఊరొదిలి వెళ్లిన రెండు కుటుంబాలతో వెళ్లిన పుస్తకాలు ఇక రావు. వాటిని రికార్డుల్లోంచి తీసేయడానికి కమిటీ ఒప్పుకుంది.

మూడో కుప్ప దగ్గర మాత్రం బోల్తా పడ్డాం. గ్రూప్-2 నోటిఫికేషన్ రాగానే పరీక్షల ర్యాకు ఖాళీ అయింది. ఇదివరకు నెలకు ముప్పై ఇచ్చి ఉంచుకున్నవాళ్లు ఇప్పుడు ఉచితంగా ఉంచుకున్నారు. హైఫా కథ చివరి ముక్క ఇదే. "చూశారా, నేను చెప్పలా?" అని కార్యదర్శి గారు జరిమానా తిరిగి తెద్దామన్నారు. ఆయన కోపం సబబే, మందే తప్పు. రోజుకు రెండు రూపాయలు పెట్టినా ఆరొందల పుస్తకానికి అది చవకే. యాభై పెడితే అప్పుడు డబ్బున్న కుర్రాడిదే పుస్తకం.

కథల పుస్తకానికీ పరీక్షల పుస్తకానికీ ఒకే నియమం పెట్టడమే తప్పని అప్పుడు అర్థమైంది. కథల పుస్తకం నెల ఆలస్యమైతే ర్యాకులో పక్కది ఉంటుంది. పరీక్షల పుస్తకం నెల ఆలస్యమైతే ఇంకొకరి పరీక్ష అయిపోతుంది. వీటికి వేరే పద్ధతి పెట్టాం. ఒక కాపీ ఎప్పుడూ బయటికి వెళ్లదు. మిగతావి రాత్రి అరువు: సాయంత్రం ఏడింటికి తీసుకెళ్లి పొద్దున ఎనిమిదింటికి తేవాలి. కాలేజీ లైబ్రరీల్లో పాత అలవాటే. పొద్దున తేకపోతే వారం పాటు రాత్రి అరువు ఉండదు. ఇదీ శిక్షేగా అని హెడ్మాస్టారు అడిగారు. శిక్షే. కానీ ఇందులో పోయేది సమయం. అది ఉన్నవాడికీ లేనివాడికీ వారమంటే ఏడు రోజులే.

దానికంటే బాగా పనిచేసింది పాత బోర్డు. బాకీదారుల పేర్లు రాయించిన ఆ బోర్డు మీదే ఇప్పుడు పుస్తకం పేరు, పక్కన "అయిదుగురు ఎదురుచూస్తున్నారు" అని రాస్తాను. ఎవరి దగ్గరుందో రాయను. "రసీదు ఇచ్చేయండి" అన్న కుర్రాడే ఒకరోజు బోర్డు చూసి, "ఎవరు మేడం ఆ అయిదుగురు?" అన్నాడు. వాళ్లలో ఒకతన్ని అడిగి, అతను సరేనన్నాక నంబరిచ్చాను. తర్వాత చూస్తే ఆ ఇద్దరూ రీడింగ్ రూములో ఒకే పుస్తకానికి అటూ ఇటూ కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు. ఇతను మొండివాడేమీ కాదు. మేం ఇన్నాళ్లూ అతనికి రేటు చూపించాం, మనుషుల్ని చూపించలేదు.

మళ్లీ చేస్తే మాఫీ వారం పెట్టను. మీటింగ్‌కి ముందే ట్రే విప్పుతాను. రూపాయి చేయడానికి ముందు కనీసం పదిమంది ఇళ్లకు వెళ్లి అడుగుతాను. పరీక్షల పుస్తకాలకు వేరే నియమం మొదటి రోజే పెడతాను. నాలుగో కుప్పకు మాత్రం మందు దొరకలేదు. ఆ కట్ట రబ్బరు బ్యాండుతో అలాగే ఉంది. రెండు పుస్తకాలు తగ్గాయి, అవీ ఒక రాత్రి డబ్బాలో పడ్డాయి.

ఆ అమ్మాయి ఏప్రిల్‌లో వచ్చింది. ముందు తమ్ముణ్ణి పంపింది, వాడు గుమ్మంలో నిలబడి "మా అక్క రావొచ్చా?" అని అడిగి పరిగెత్తాడు. తను వచ్చాక రిజిస్టర్ తీసి, 128 అంకె మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన "రద్దు" అని రాసి చూపించాను. అది చాలాసేపు చూసింది. నేను ఏదో చెప్పబోయేలోపు ర్యాకుల వైపు వెళ్లిపోయింది.

ఇప్పుడు తన టికెట్ మీద ఒక పుస్తకం ఉంది, గడువు దాటి పదకొండు రోజులు. మిస్డ్ కాల్ కూడా ఇవ్వలేదు. బోర్డు చూశాను, ఆ పుస్తకం కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. వచ్చే సంతకు చూద్దామని కార్డును ట్రేలో ఒక వరస వెనక్కి జరిపాను.